అటక మీది ఉర్దూ మూట

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్త. నేను హుజూరాబాద్‌కు కోడలిగా వచ్చి ఏడాది కాలేదు. మా మామగారు అంతకుముందు హైదరాబాద్ శాసనసభలో సభ్యులు. సభలో ఆయన అడిగిన ప్రశ్నలు, మంత్రుల జవాబులు, తోటి పార్టీ సభ్యులు రాసిన ఉత్తరాలు అటక మీద రెండు మూటలుగా ఉండేవి. ఒకటి తెలుగువి, ఒకటి ఉర్దూవి.

"మన చెరువు గురించి సభల నోరే ఇప్పలే" అని ఎదుటి పార్టీవాళ్లు ఊరంతా చెప్పుకొచ్చారు. సాయంత్రం మీటింగులో కాగితమే చూపిస్తానని మామగారు అటక తలుపు తీయించారు. మూటలు లేవు!

"దసరాకు ఇల్లు దులిపినప్పుడు జానిమియా కిరాణంల అమ్మిన. పాత కాయితాలే గదా" అంది అత్తమ్మ.

అప్పటిదాకా ఒంటరిగా బజారు మొహం చూడని దాన్ని, కొంగు కప్పుకొని జానిమియా కొట్టుకు బయల్దేరాను. తెలుగు మూట అప్పటికే బెల్లం పొట్లాలై ఊరంతా వెళ్లిపోయింది.

"మరి ఉర్దూవి, చాచా?"

జానిమియా పై అరలోంచి బట్టలో చుట్టిన మూట దించాడు. "గీ రాతల ఏడనన్న అల్లా పేరుంటది బిడ్డా. పొట్లం గడితే కాళ్లకింద పడ్తది. గందుకే చింపలే."

చెరువు ప్రశ్న అందులోనే ఉంది. మామగారు దాన్ని ఉర్దూలో చదివి తెలుగులో చెప్తుంటే మీటింగులోంచి ఎదుటి పార్టీవాళ్లు ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు.

దేవుడి పేరు తెలుగు కాగితాల్లోనూ ఉంటుంది కదా, మేమెలా అమ్ముకున్నాం? ఇంటికి రాగానే మామగారు అటక తాళంచెవిని అత్తమ్మ కొంగు నుంచి విప్పించి నాకిచ్చారు. నేటికీ అది నా కొంగునే ఉంది.