రాజోలు జట్టు వెనక వరుస

రాజోలు దగ్గర ఒక మేడమ్ ఆడపిల్లల్ని పాత చీరపీలికలతో ఒకరికొకరిని కట్టి ఫుట్‌బాల్ ఆడిస్తున్నారని నాకు చెప్పింది తుని టీచరు. విశాఖలో శిక్షణ తరగతులప్పుడు ఇద్దరం ఒకే గదిలో ఉన్నాం. నేను నవ్వాను. "నవ్వకండి. పోయిన ఏడాది మా పిల్లలు వాళ్ల మీద ఒక్క గోల్ కొట్టలేకపోయారు" అందావిడ. నేను విజయనగరంలో ఒక హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయినిని. మా పిల్లలూ బాగానే పరిగెడతారు, బాగానే తంతారు, అయినా ఓడిపోతుంటారు. ఆ మేడమ్ ఫోన్ నంబరు తీసుకున్నాను.

ఆవిడ పేరు సువార్త. ఫోన్లో ఎక్కువ మాట్లాడలేదు. "శుక్రవారం సాయంత్రం ప్రాక్టీసు చూడండి, శనివారం అమలాపురంలో ఆట ఉంది, అదీ చూడండి. రండి మేడమ్" అన్నారు. ఫిబ్రవరిలో ఒక శుక్రవారం సెలవు పెట్టి బయల్దేరాను.

విజయనగరంలో పొద్దున్న ఆరున్నర బండి ఎక్కితే రాజమండ్రిలో దిగేసరికి పదకొండున్నర దాటింది. స్టేషన్ నుంచి బస్టాండుకి ఆటో. రాజోలు బస్సు పన్నెండుంబావుకి కదిలింది. ఆడవాళ్లకు ఉచితం కాబట్టి ఆధార్ చూపిస్తే కండక్టరు జీరో టికెట్ కొట్టి ఇచ్చాడు. కార్డు మర్చిపోకండి, నా ముందు సీట్లో పెద్దావిడ మర్చిపోయి డబ్బులిచ్చి టికెట్ కొనుక్కుంది.

రావులపాలెంలో అరటి గెలల లారీలు అడ్డం పడి పావుగంట ఆగాం. పక్కన కూర్చున్నావిడ ఎక్కడికని అడిగితే ఫుట్‌బాల్ చూడ్డానికని చెప్పాను. "సువార్త గారి పిల్లలాండీ? మా మేనకోడలు ఆడుద్దండి అందులో. ఇంట్లో చీరలన్నీ అయిపోయేయండి" అంది నవ్వుతూ. కొత్తపేట దాటాక రోడ్డుకి రెండు పక్కలా కొబ్బరి తోటలే. పి.గన్నవరం దగ్గర గోదావరి పాయ దాటి, తాటిపాకలో సగం బస్సు ఖాళీ అయి, రాజోలు చేరేసరికి మూడు కావస్తోంది. బస్టాండుకి దగ్గర్లోనే లాడ్జి దొరికింది. గది చిన్నదే గాని శుభ్రంగా ఉంది. కింద హోటల్లో భోజనాలు అయిపోయాయన్నారు. పెసరట్టు తిని, ఆటో పట్టుకుని గ్రౌండుకి వెళ్లాను.

గ్రౌండు అంటే నిజానికి రెండు కొబ్బరి తోటల మధ్య మిగిలిన పొడవాటి ఖాళీ. ఒక పక్క రోడ్డు, ఒక పక్క బోదె, అంటే చిన్న పంటకాలువ. మామూలు మైదానంలో సగం వెడల్పు కూడా ఉండదు. సువార్త గారికి నలభై పైన ఉంటాయి. ఎత్తు మనిషి, చుడీదార్ మీద షూస్. ఒకప్పుడు యూనివర్సిటీకి కబడ్డీ ఆడారట. నాన్నగారు టీచరు, ఈవిడా టీచరే. నన్ను చూసి కుర్చీ వేయించి, మళ్లీ పిల్లల దగ్గరికి వెళ్లిపోయారు.

వెనక ఆడే నలుగురు డిఫెండర్ల నడుములకి చీరపీలికలు కట్టి ఉన్నాయి. ఒకరికీ ఇంకొకరికీ మధ్య నాలుగైదు బారల పీలిక. బంతి ఎడమకి వెళ్తే నలుగురూ ఎడమకి జరగాలి. ఒకమ్మాయి ఆలస్యం చేస్తే పీలిక బిగుసుకుని పక్కమ్మాయి నడుము లాగుతుంది. ఒకరు బంతి మీదకి ముందుకి వెళ్తే మిగిలిన ముగ్గురూ లోపలికి జరిగి ఆ ఖాళీ మూయాలి. అరగంట అలా ఆడాక పీలికలు విప్పేశారు. విప్పాక కూడా నలుగురూ కట్టి ఉన్నట్టే కదిలారు. అది చూశాక నాకు నవ్వు రాలేదు.

"కబడ్డీలో కూతకొచ్చిన మనిషిని ఒక్కళ్లే పట్టుకోబోతే జారిపోతారండి. చేతులు కలిపి గొలుసు కట్టాలి. ఇక్కడ చేతులు పట్టుకోవడం కుదరదు కదా, అందుకని చీర" అన్నారావిడ. ముందు కొబ్బరితాడుతో కట్టారట. నడుములు ఒరుసుకుపోయాయని పిల్లల తల్లులే పాత చీరలు చింపి పంపారట.

ఆ నలుగురిలో మధ్యనున్న దివ్యని చూడగానే ఏదో తేడా అనిపించింది. అందరికంటే వేగం ఆ పిల్లదే. బంతి కాలికి అంటుకున్నట్టు ఉంటుంది. అలాంటి పిల్ల ముందు ఆడి గోల్స్ కొట్టాలి గాని వెనక ఎందుకు? అదే అడగబోతుంటే, మోటారు సైకిల్ మీద వచ్చిన ఒకాయన నా కంటే ముందే అడిగారు. దివ్య తండ్రి వెంకట్రావు గారు, కొబ్బరి తోట ఉన్న రైతు.

"మేడమ్ గారూ, రేపటికైనా పిల్లని ముందుకి పంపుతారాండీ? స్టేట్ క్యాంపుకి ఎంచడానికి మనుషులొస్తున్నారంటన్నారు. గోల్ కొట్టినదాని పేరు రాసుకుంటారు గాని ఆపినదాని పేరు ఎవరు రాస్తారండి? పోయినేడు ముందు ఆడి ఎన్ని కొట్టిందండి మా పిల్ల."

"ముందు ఆడింది కాబట్టే వెనక పెట్టేనండి. ఎదటోళ్లు ఎటు దూరతారో దానికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు" అన్నారు సువార్త గారు.

"రేపు పేరు రాకపోతే ఇక పంపనండి. టెన్త్ క్లాసు, చదువుకుంటుంది" అనేసి ఆయన బండి తిప్పుకుని వెళ్లిపోయారు. ఆయన కోపంగా అనలేదు, చాలా మర్యాదగానే అన్నారు. దివ్య బోదె దగ్గర మొహం కడుక్కుంటూ అంతా వింది. 

చీకటి పడుతుంటే పిల్లలంతా గుండ్రంగా కూర్చున్నారు. సువార్త గారు "ఏం చూసేరు?" అని ఒక్క మాట అడిగి ఊరుకున్నారు. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు మాట్లాడారు, వాదించుకున్నారు. ఆవిడ చివర్లో రెండు ముక్కలు చెప్పి పంపించేశారు. ఇది నాకు చీరల కంటే వింతగా తోచింది. నేనైతే ఆ పావుగంటా నేనే మాట్లాడుతాను.

"ఇది నేను కనిపెట్టింది కాదండి. మూడేళ్ల కిందట గొంతుకి ఆపరేషన్ అయ్యింది. డాక్టరు గారు నెల రోజులు నోరు విప్పొద్దన్నారు. విజిల్ కూడా ఊదలేను. గట్టు మీద కూర్చుని చూసేదాన్ని. ఆ నెల్లో పిల్లలు వాళ్లలో వాళ్లే చెప్పుకోవడం మొదలెట్టేరు. గొంతొచ్చేక చూస్తే నేను అడ్డు పడకపోతేనే బాగా ఆడుతున్నారు" అన్నారు నడుస్తూ. ఆ రాత్రి వాళ్లింట్లోనే భోజనం పెట్టి లాడ్జి దగ్గర దింపారు.

శనివారం ఎనిమిదింటికి ఒక వ్యానులో అందరం బయల్దేరాం. అంబాజీపేటలో ఆగి పొట్టిక్కలు తిన్నాం. పనసాకులు బుట్టల్లా కుట్టి అందులో ఉడికించే ఇడ్లీలివి. ఆకు వాసన పట్టి బాగుంటాయి, అటు వెళ్లినవాళ్లు తప్పక తినండి. పిల్లలు రెండేసి తిన్నారు. దివ్య ఒకటి తిని ఊరుకుంది. గోల్ కీపర్ జ్యోతి బలవంతపెట్టినా వద్దంది. పదిన్నరకల్లా అమలాపురం చేరి ఒక కల్యాణ మండపం వరండాలో నీడకి కూర్చున్నాం.

ఆట మూడున్నరకి. ఎదటి జట్టు రాజమండ్రి నుంచి వచ్చింది. పొడుగు పిల్లలు, కొత్త బూట్లు, కోచ్ మూర్తి గారని యాభై ఏళ్ల మనిషి. జనం బాగానే వచ్చారు. కంచె పక్కన వెంకట్రావు గారు నిలబడి ఉన్నారు. బల్ల దగ్గర టోపీలు పెట్టుకుని కూర్చున్న ఇద్దరినీ చూపించి, ఎంపికకి వచ్చింది వాళ్లేనన్నారు.

మొదటి ఇరవై నిమిషాలు రాజోలు వెనక వరుసని చూడ్డం ముచ్చటగా ఉంది. రాజమండ్రి పిల్లలు బంతి ముందుకి తన్నబోయే క్షణానికి నలుగురూ కలిసి ఒక్క అడుగు ముందుకి వేస్తారు. ముందు నిలబడ్డ రాజమండ్రి ఫార్వర్డ్ వీళ్ల వెనక ఒంటరిగా మిగిలిపోతుంది. ఆఫ్‌సైడ్ అని జెండా లేస్తుంది. ఇలా పదే పదే జరిగింది.

కానీ ఎదటివాళ్లు తెలివి తక్కువవాళ్లు కారు. వాళ్ల తొమ్మిదో నంబరు కావాలనే ఆఫ్‌సైడ్‌లో నిలబడటం మొదలుపెట్టింది. అందరి చూపూ ఆ పిల్ల మీదే. బంతి మాత్రం ఆ పిల్లకి కాకుండా, వెనక నుంచి పరిగెత్తుకొచ్చే ఏడో నంబరుకి వెళ్తోంది. రాజోలు వరుస ముందుకి అడుగేసిన క్షణంలోనే ఏడో నంబరు వాళ్లని దాటిపోయింది. జ్యోతి ఎదురెళ్లినా లాభం లేకపోయింది. గోల్. చీరల విద్యకి విరుగుడు దొరికేసిందని అనుకున్నాను.

హాఫ్‌టైమ్‌లో పిల్లలు గడ్డి మీద కూలబడ్డారు. కంచె అవతల నుంచి వెంకట్రావు గారు "ఇప్పుడైనా ముందుకి పంపండి మేడమ్ గారూ" అన్నారు. సువార్త గారు అటు తిరగలేదు. మజ్జిగ గ్లాసులు అందించి, "ఏం చూసేరు?" అని అడిగి కూర్చున్నారు. తన గ్లాసు మాత్రం ముట్టకుండా పక్కన పెట్టేశారు. పిల్లలు గడ్డి పీకుతూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నాకే ఏదో ఒకటి చెప్పేద్దామనిపించింది.

ముందు జ్యోతి అంది. "తొమ్మిది వట్టిదేనండి. ఏడే వస్తోంది."

దివ్య తలెత్తింది. "మనం ముందుకి అడుగెయ్యడం మానేద్దాం. పది అడుగులు వెనక్కి తగ్గుదాం. వెనక చోటు లేకపోతే ఏడు ఎక్కడికి పరిగెడుద్ది? బంతి నా దగ్గరికే రావాలి. అది రాగానే నేను తీసుకుని ముందుకెళ్లిపోతాను. పీలిక తెగిపోయిందనుకోండి."

"నీ చోటు ఎవరు మూస్తారు?" అని అడిగారు సువార్త గారు. ఆవిడ అడిగింది ఆ ఒక్కటే.

"నేనండి" అంది కెజియా. ఎడమ పక్క ఆడే పొట్టి పిల్ల. "మేం ముగ్గురం దగ్గరికి జరుగుతాం. రోజూ చేసేదే కదండి."

 "ఆయ్. అలాగే కానివ్వండి" అన్నారు సువార్త గారు.

రెండో సగం మొదలయ్యాక పది నిమిషాలు రాజమండ్రి పిల్లలే ఆడారు. వీళ్లు వెనక్కి తగ్గేసరికి భయపడ్డారనుకుని అందరూ ముందుకొచ్చేశారు. ఏడో నంబరుకి వేసిన ఒక బంతి నేరుగా దివ్య కాళ్ల దగ్గరికి వచ్చింది. ఆ పిల్ల తీసుకుని పరిగెత్తింది. వెనక కెజియా, మిగిలిన ఇద్దరూ దగ్గరికి జరిగారు. ముందు మైదానం సగం ఖాళీ. దివ్య మధ్య గీత దాటి కుడి పక్కకి పాస్ ఇచ్చింది, అక్కడి నుంచి గోల్. ఒకటి, ఒకటి.

ఆట ముగియడానికి కొద్ది నిమిషాల ముందు మళ్లీ అలాగే జరిగింది. ఈసారి దివ్య గోల్ ముందుదాకా వెళ్లిపోయింది. "కొట్టమ్మా" అని వెంకట్రావు గారు కంచె పట్టుకుని అన్నారు. రాజమండ్రి పిల్లలిద్దరు ఆ పిల్ల మీదకి వచ్చారు. దివ్య కొట్టలేదు. ఎడమకి తోసింది. అక్కడ ఎవరూ కాయకుండా వదిలేసిన రాజోలు పిల్ల తాపీగా లోపలికి తన్నింది. బంతి వలలో పడేసరికి దివ్య వెనక్కి తన చోటుకి పరిగెడుతోంది. ఆ రెండు గోల్స్‌తో ఆట గెలిచారు.

తర్వాత టోపీల వాళ్లు పిల్లల్ని పిలిచి పేర్లు చదివారు. రాజోలు నుంచి ఇద్దరు, దివ్య, కెజియా. "ఏ చోట ఆడతావమ్మా?" అని అడిగారు దివ్యని. తండ్రి పక్కనే ఉన్నారు. "వెనకండి" అంది.  వెంకట్రావు గారు నా దగ్గరికొచ్చి, "మీరు టీచరు గారు కదాండీ. వెనక ఆడినోళ్ల ఫొటో కూడా పేపర్లో వేస్తారంటారా?" అని అడిగారు. వేస్తారనే చెప్పాను.

సువార్త గారు నన్ను బస్టాండు దాకా దింపారు. "నేనైతే అలా చేసేదాన్ని కాదండి" అన్నారు దారిలో. "దివ్యని ముందుకి పంపి ఇంకొకర్ని వెనక పెడదామనుకున్నాను, వాళ్ల నాన్నగారు అడిగినట్టే. నోటిదాకా వచ్చేసింది. అలా చేసుంటే మా మీద ఇంకో రెండు గోల్స్ పడేవి."

రాజమండ్రి బస్సు ఆరుంబావుకి బయల్దేరింది. వెనక సీట్లన్నీ ఓడిన జట్టు పిల్లలతో నిండిపోయాయి. మూర్తి గారు నా పక్కన కూర్చున్నారు. గ్రౌండులో రాజోలు వాళ్లతో చూశారు కాబట్టి నన్ను గుర్తు పట్టారు.

"చీరల సంగతి మాకు ముందే తెలుసండి" అన్నారు. "వీడియో చూసేం. ఏడో నంబరుని వెనక నుంచి పంపడం అందుకే నేర్పించేను. పని చేసింది కూడా. తర్వాత ఎవరు మార్చేరండి ఆట?"

"పిల్లలే" అన్నాను.

ఆయన నమ్మనట్టు చూశారు. "రెండో సగం అంతా నేను ఆవిడనే చూస్తూ కూర్చున్నానండి. ఏ సైగ చేస్తారో, దాన్నిబట్టి మావాళ్లకి చెబుదామని. ఆవిడ కదల్లేదు, మెదల్లేదు."

కొత్తపేట వెళ్లేదాకా దాని గురించే ఆలోచించాను. చీరపీలికలు ఎవరైనా కట్టొచ్చు. మా ఊళ్లో సోమవారమే మొదలుపెట్టొచ్చు. వాటికి విరుగుడు కూడా ఎవరైనా కనిపెట్టొచ్చు, ఈయన కనిపెట్టారు. నోటిదాకా వచ్చిన మాట ఆపుకుని కూర్చోవడం మాత్రం వీడియోలో కనపడదు. నాకు చేతనవుతుందో లేదో తెలీదు. ఆ ప్రాంతానికి వెళ్లాలనుకునే తోటి వ్యాయామ ఉపాధ్యాయులకి నేను చెప్పేది, ప్రాక్టీసు ఒక్కటే చూసి వచ్చేయకండి. హాఫ్‌టైమ్ చూడండి.

రావులపాలెం దాటాక వెనక సీట్లోంచి ఒకమ్మాయి లేచి వచ్చి మా సీటు పక్కన కడ్డీ పట్టుకుని నిలబడింది. తొమ్మిదో నంబరు పిల్ల. మా మాటలు వింటున్నట్టుంది.

"సార్, వాళ్లు వెనక్కి తగ్గేరని నాకు వెంటనే తెలిసిందండి" అంది. "ఏడుకి పంపడం ఆపేసి, దూరం నుంచే కొట్టాల్సిందండి."

మూర్తి గారు తలెత్తి చూశారు. "మరి చెప్పలేదేమ్మా?"

"మీరు అడగలేదండి."

 మూర్తి గారు ఒళ్లోని సంచీ తీసి కింద పెట్టి, నా వైపు కాస్త జరిగి, ఆ అమ్మాయికి చోటిచ్చారు. ఆ పిల్ల సీటు అంచున కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది. రాజమండ్రి వచ్చేదాకా ఆయన వింటూనే ఉన్నారు.