వీరభద్రం వదిలిన సగం పండు

వీరభద్రాన్ని తూచడానికి నూజివీడులో ఏ డాక్టరు దగ్గరా సరైన మిషను లేదు. ఉన్నవన్నీ నూట ఇరవై కిలోల దగ్గర ఆగిపోయేవి. అందుకని వాడి మండీలో మామిడికాయలు తూచే కాటా మీదే వాణ్ణి నిలబెట్టాం. హమాలీలు పక్కకి తిరిగి నవ్వుకున్నారు. నాకు ఒళ్ళు మండింది గానీ, వీరభద్రం కూడా నవ్వుతుంటే నేనెవరి మీద కోప్పడను? నూట నలభై మూడు కిలోలు. ఎనభై అయిదు నవంబరులో ఆ అంకెని మద్రాసు డాక్టరుకి ఉత్తరంలో రాసింది నేనే.

నేను ఇక్కడి హైస్కూల్లో ఇంగ్లీషు మాస్టర్ని, చలపతిరావు. వాడూ నేనూ ఆరో తరగతి నుంచి ఒకే బెంచీ. చదువయ్యాక నేను బళ్ళోనే ఉండిపోయాను, వాడు వాళ్ళ నాన్న మామిడి వ్యాపారంలో దిగాడు. తోట కాపు బేరం చేసే దగ్గర వాళ్ళకొక పద్ధతుంది. రైతు ముందుగా మాగిన పండొకటి తన చేత్తో తెచ్చి షావుకారుకి ఇస్తాడు. షావుకారు దాన్ని టెంక దాకా తినాలి. సగంలో వదిలేశాడంటే తోట నచ్చలేదని అర్థం, ఇక మాట్లాడుకునేది ఏమీ ఉండదు. వీరభద్రం సీజన్లో రోజుకి పది పదిహేను తోటలు తిరిగేవాడు. పండుతో వదిలిపెడితే బాగానే ఉండును. ఒకరింట్లో గారెలు, ఒకరింట్లో గడ్డపెరుగుతో అన్నం, ఇంకొకరు పనిగట్టుకుని చేయించిన పూర్ణాలు. ఎవరినీ కాదనడం వాడికి రాదు.

వాళ్ళ నాన్నకీ రాలేదు. ఆయనా అంత మనిషే. నలభై తొమ్మిదేళ్ళకి మండీలో కుర్చీలో కూర్చునే పోయాడు. కునుకు తీస్తున్నాడనుకుని మధ్యాహ్నం దాకా ఎవరూ లేపలేదు. వీరభద్రానికి అప్పటికి నలభై ఎనిమిదో ఏడు నడుస్తోంది. వాడు కూడా పట్టపగలు అదే కుర్చీలో, మాట మధ్యలోనే నిద్రలోకి జారిపోవడం మొదలుపెట్టాడు. తోటల్లోకి నడవడం ఎప్పుడో మానేశాడు. జీపు గేటు దగ్గర ఆగేది, రైతు కుర్చీ తెచ్చి వేసేవాడు, అక్కడే పండు తిని తోటంతటికీ బేరం చెప్పేసేవాడు.

వాడి భార్య సుభద్ర ఒకరోజు మా ఇంటికి వచ్చి, మా ఆవిడ ఇచ్చిన కాఫీ అలాగే పట్టుకుని కూర్చుంది.

"అన్నయ్యగారూ, ఆయన నిద్రపోతుంటే నేను పక్కన కూర్చుని ఊపిరి లెక్కపెడుతున్నానండీ. మధ్యలో ఆగిపోతోంది. మళ్ళీ వచ్చేదాకా నా ఊపిరి కూడా ఆగిపోతోంది."

ఆ మాట విన్నాక నేను ఊరుకోలేకపోయాను. పై దేశంలో చదువుకొచ్చిన డాక్టరొకాయన మద్రాసులో లావు తగ్గడానికి పొట్ట ఆపరేషన్ చేస్తున్నాడని తెలిసి రాశాను. పొట్టలో పైభాగాన చిన్న సంచిలాంటిది మిగిల్చి, కిందిదాన్ని పిన్నులతో వేరుచేసి, మధ్యలో సన్నని దారి ఉంచుతారట. నాలుగు ముద్దలకే నిండిపోతుందట. ఈ సంగతి ఊళ్ళో పొక్కాక వీరభద్రం పొట్టని కాగితాల కట్టలా పిన్ను కొడతారట అని బజారంతా ఒకటే వేళాకోళం.

ఆపరేషన్‌కి ముందే పది కిలోలు తగ్గి రావాలన్నాడు డాక్టరు. మత్తు ఇచ్చినప్పుడు ఊపిరితిత్తులు తట్టుకోవాలి కాబట్టి రోజూ ఇరవై బుడగలు ఊదమన్నాడు. సాయంత్రం మా స్కూలు గ్రౌండులో నడక, పొద్దున మండీలో బుడగలు. బేరానికొచ్చిన రైతులు ఎర్రబుడగలూ పచ్చబుడగలూ పక్కకి నెట్టుకుని కూర్చునేవాళ్ళు. అప్పటిదాకా నవ్విన హమాలీలే సాయంత్రం వాటిని పిల్లల కోసం పట్టుకుపోయేవాళ్ళు. మూడు నెలల్లో మా వాడు నూట ముప్పై మూడుకి వచ్చాడు.

ఫిబ్రవరిలో మద్రాసు తీసుకెళ్ళాను. ఆపరేషన్ ముందురోజు వాడికి ఏమీ పెట్టలేదు. సాయంత్రం వార్డులో నా చెయ్యి పట్టుకుని ఒక మాటన్నాడు. "చలపతీ, ఆకలంటే ఇదేంట్రా? నాకిన్నాళ్ళూ తెలీలేదు. ఆకలేసేలోపే ఎవరో ఒకరు పెట్టేసేవాళ్ళు." భయపడుతున్నాడని అర్థమైంది. నాకూ భయంగానే ఉంది. ఆ ఉత్తరం రాసింది నేను కదా.

రొమ్ము కింద నుంచి బొడ్డు దాకా కోశారు. ముక్కులోంచి గొట్టం, దగ్గితే కుట్లు తెగుతాయేమోనని పొట్టకి దిండు అదుముకోవడం, నాలుగో రోజుకి మందు కొలిచే చిన్న గ్లాసుడు నీళ్ళు. ఆ గ్లాసుడు నీళ్ళు తాగడానికి పావుగంట పట్టేది. పదిహేను తోటల్లో పదిహేను పళ్ళు తిన్నవాడు గుటక గుటకకీ ఆగి గడియారం చూసుకునేవాడు. ఇంటికొచ్చిన పదో రోజున ఆగలేక ఇడ్లీ ముక్క నోట్లో పెట్టుకున్నాడు. అది కిందికి దిగక, పైకి రాక, గంటసేపు వాడు పడిన అవస్థ చూసి సుభద్ర వంటింట్లోంచి ఇడ్లీ పాత్రే తీసేసింది.

డాక్టరు ఇచ్చిన ఇంగ్లీషు కాగితాన్ని సుభద్ర కోసం నేను తెలుగులో రాసిచ్చాను. రెండు నెలలు నమలక్కర్లేనివి మాత్రమే. గంజి, మజ్జిగ, పప్పు తేట, తర్వాత మెత్తటి అన్నం, అదీ రెండు చెంచాలు. ఆవిడ దాన్ని వంటింటి గోడకి అంటించింది. ఏప్రిల్ ఆఖరికి కాటా మీద నూట పన్నెండు. వాడు పట్టపగలు కునుకు తీయడం మానేశాడు. సుభద్ర కూడా నిద్రపోతున్నానని చెప్పింది.

మే వచ్చింది. ఊళ్ళో ఎక్కడ చూసినా గంపలు, గడ్డి, పళ్ళ వాసన. రోగి ఏమీ తినలేకపోతున్నాడని విని రైతులు ఎవరి తోటలోవి వాళ్ళు చిన్నరసాలు పంపారు. ఇవి పెట్టవచ్చా అని సుభద్ర నన్నడిగింది. ఇందులో అడగడానికేముంది అనుకున్నాను. నూజివీడులో మామిడిపండుని తిండి కింద ఎవరు లెక్కేస్తారు? పైగా నమలక్కర్లేదు. వంటింట్లోకి వెళ్ళి, గోడమీద కాగితం కింద నా చేత్తోనే ఒక పంక్తి చేర్చాను. మామిడిపండు రసం పిండి ఇవ్వవచ్చు.

రెండు వారాలకి నూట పదమూడు. ఇంకో రెండు వారాలకి నూట పదహారు. వీరభద్రం కాటా దిగి, లోపలికెళ్ళి వాళ్ళ నాన్న కుర్చీలో కూర్చున్నాడు. నాకు కోపం సుభద్ర మీదికి వచ్చింది. జాలిపడి దొంగచాటుగా పెడుతున్నారా అని అడిగేశాను. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆ రోజు నేను మాట్లాడిన తీరు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

జూన్‌లో ముగ్గురం మద్రాసు వెళ్ళాం. ఉత్తచేతులతో వెళ్ళడం మర్యాద కాదని డాక్టరుకి ఒక బుట్ట చిన్నరసాలు పట్టుకెళ్ళాం. ఆయన పిన్నులు ఊడాయేమోనని ఎక్స్‌రే తీయించాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. తిండి సంగతి అడిగితే, అన్నం రెండు చెంచాలే, పప్పు రెండు చెంచాలే అన్నాం. ఆయనకీ పాలుపోలేదు. మేం వెళ్ళేముందు, ఈ పళ్ళు కోసుకు తినాలా అని మర్యాదకి అడిగాడు. వీరభద్రం ముఖం వెలిగింది. బుట్టలోంచి ఒకటి తీసి, రెండు అరచేతుల మధ్య మెత్తగా పిసికి, తొడిమ దగ్గర చిన్న చిల్లు చేసి, నోటికి ఆనించి చూపించాడు. నిమిషంలో తొక్కా టెంకా మిగిలాయి. సొన కారని పండు ఎలా ఉంటుందో చూపిస్తానని ఇంకోటి. మాటల్లో పడి మూడోది.

డాక్టరు కుర్చీలో వెనక్కి వాలి, ఇలాంటివి రోజుకి ఎన్ని అని నన్నడిగాడు. పన్నెండు, పదిహేను అని చెప్పాను. అన్నం ఆగే చోట ఇది ఆగదని, సన్నని దారిలోంచి నీళ్ళలా జారిపోతుందని, ఇదంతా చక్కెరేనని ఆయన నెమ్మదిగా చెప్పాడు. ఎవరు తినమన్నారని అడిగాడు. సుభద్ర నా వైపు చూడలేదు. ఆవిడ చూసి ఉంటే బాగుండేది.

"నేనే రాశానండీ" అన్నాను.

తిరుగు రైల్లో ఆవిడకి క్షమాపణ చెప్పుకున్నాను. "మీరు రాయకపోయినా పెట్టేదాన్నేమో అన్నయ్యగారూ, నూజివీడు వాళ్ళం కదా" అంది. ఇంటికి రాగానే గోడమీది కాగితంలో నా పంక్తిని కొట్టేశాను. వచ్చిన గంపలన్నీ హమాలీల ఇళ్ళకి పోయాయి. వీరభద్రానికి రెండు చెంచాల గుజ్జు, అదీ ఆదివారాలు మాత్రమే. మళ్ళీ దిగడం మొదలుపెట్టాడు. ఏడాది తిరిగేసరికి తొంభై ఒకటి.

అసలు పరీక్ష ఎనభై ఏడు మే నెలలో వచ్చింది. రెడ్డిగూడెం బుచ్చయ్యగారి తోట వాళ్ళ నాన్న కాలం నుంచీ వీళ్ళే కొంటున్నారు. నాకు సెలవులు కాబట్టి నేనూ వెళ్ళాను. జీపు ఆగగానే బుచ్చయ్యగారు కుర్చీ తెప్పించారు. వీరభద్రం కూర్చోలేదు. తోట చూసొస్తానని లోపలికి నడిచాడు. వరస తరవాత వరస, కొమ్మల కింద వంగి లేస్తూ, చివరిదాకా వెళ్ళాడు. అక్కడ పాత బావి గట్టు మీద చెయ్యి ఆనించి కాసేపు నిలబడ్డాడు. చిన్నప్పుడు వాళ్ళ నాన్న ఆ బావిలోనే ఈత నేర్పాడట. పన్నెండేళ్ళుగా ఆ తోట కొంటూ ఆ బావి మొహం చూడలేదు.

తిరిగొచ్చాక బుచ్చయ్యగారు పండు చేతిలో పెట్టారు. వీరభద్రం కోయించుకుని, ఒక ముక్క నెమ్మదిగా తిన్నాడు. ఇంకో ముక్క తిన్నాడు. మిగతా సగం పళ్ళెంలో పెట్టి పక్కకి జరిపాడు. తన జబ్బు సంగతి చెప్పి, తోట బాగుందని, పండు ఇంకా బాగుందని అన్నాడు. బుచ్చయ్యగారు ఆ సగం పండు వైపే చూస్తున్నారు.

"మీ నాన్న ఏనాడూ వదల్లేదు అబ్బాయ్."

"ఆయన పోయేనాటికంటే నేను ఇవాళ్టికి పదకొండు రోజులు పెద్దవాణ్ణండీ" అన్నాడు వీరభద్రం.

పెద్దాయన బేరం మాట ఎత్తలేదు. మంచినీళ్ళిచ్చి పంపించారు. ఆ ఏడు తోట చింతలపూడి వ్యాపారి కొన్నాడని తర్వాత తెలిసింది. తిరుగు దారిలో తోట పోయిందని వాడికి బాధగానే ఉంది, నేనూ ఓదార్చలేదు. పదకొండు రోజుల లెక్క ఎవరు వేశారని మాత్రం అడిగాను. ఇంకెవరు, సుభద్రే అన్నాడు.

ఇంటికెళ్ళేసరికి ఆవిడ గుమ్మంలోనే ఉంది. తోట ఏమైందని అడగలేదు.

"ఎంత తిన్నారు?"

"సగం."

ఆవిడ అక్కడే గడప మీద కూర్చుండిపోయి, కొంగుతో మొహం తుడుచుకుంది.