ముగ్గురితో కదలని ఆటో

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను అనకాపల్లి పక్క పల్లెలో ఉంటూ విశాఖలో ఒక బడిలో లెక్కలు చెప్పేవాణ్ణి. పొద్దున్నే సర్వీసు ఆటో, అనకాపల్లి స్టేషను, అక్కణ్ణించి ఎనిమిది గంటల పాసింజరు. మా ఆటోలో తొమ్మిదిమందిని కుక్కేవారు. ఏ మోకాలు ఎవరిదో చెప్పడం కష్టం.

కార్తీకంలో ఒకరోజు ముసురు పట్టింది. ఆటో దగ్గర ముగ్గురమే తేలాం. నేను, చర్చి పెద్ద ఒకాయన, నర్సు చదివి రెండేళ్లుగా ఇంట్లోనే ఉన్న మా వీధి అమ్మాయి. ఆ రోజు ఆమెకు విశాఖ ఆసుపత్రిలో ఇంటర్వ్యూ. పది దాటితే లోపలికి రానివ్వమని ముందే చెప్పారట. ఫైలు తడవకుండా గుండెకు హత్తుకుని కూర్చుంది.

"ముగ్గురితో బండి తియ్యను. పని సెడతాది," అన్నాడు డ్రైవరు. మా వైపు ముగ్గురు బయలుదేరాల్సి వస్తే నాలుగో మనిషిగా ఒక రాయిని వెంట తీసుకెళ్తారు. అతనూ రోడ్డు పక్కనుంచి ఒక రాయి తెచ్చి తన పక్కన పెట్టుకున్నాడు. "ఇదిగో, నన్నొదిలేసి నలుగురయ్యేరు. పదండి."

నేను చెయ్యి చాచి ఆ రాయిని తీసి తుప్పల్లోకి విసిరేశాను.

"ఏటి మాస్టారూ, ఇదేం పని!" అని అతను ఇంజను ఆపేశాడు.

చర్చి పెద్ద నవ్వాడు. "మా పాస్టరుగారూ నమ్మొద్దనే సెప్తారు. అయినా రాయేటి సేత్తాది మాస్టారూ, కూకోనిస్తే పోయింది కదా."

నేను కుర్రతనమంతా వాదసభల్లో గడిపినవాణ్ణి. ఎదుటివాడి నోరు మూతపడేదాకా నాకు నిద్ర పట్టదు.

"నీ బండికి చక్రాలెన్ని?" అన్నాను.

"మూడు."

"మరి రోజూ పని చెడకుండా ఎలా నడుస్తోంది?"

"సక్రాలు మనుసులేటండీ?"

అక్కణ్ణించి పిల్లి ఎదురు, తుమ్ము, రాహుకాలం దాకా వెళ్లాను. నా మాటలు నాకే ముచ్చటగా వినిపిస్తున్నాయి. "సార్, టైమైపోతంది," అంది అమ్మాయి. "ఒక్క నిమిషమమ్మా, తేల్చేస్తాను," అన్నాను. రెండోసారి ఆమె దండం పెట్టి అడిగింది. దానిక్కూడా అదే జవాబు చెప్పాను.

చివరికి డ్రైవరు విసిగిపోయాడు. "సరే, మీ మాటే కానీండి. నా పూచీ లేదు," అని బండి తీశాడు. రాయి లేకుండా ముగ్గురితో ఆటో కదిలింది. నేను చేతులు కట్టుకుని కూర్చున్నాను.

స్టేషను ముందు రైల్వే గేటు అప్పుడే పడింది. ముందు బెల్లం లారీ, వెనక బస్సు, మాకు ఎడమపక్క ఒరుసుకుంటూ ఇంకో లారీ. ఆటోకి కుడివైపు అడ్డంగా ఇనుప కడ్డీ. ఆటో లోంచి కాలు బయట పెట్టే సందు లేదు. తడి బెల్లం వాసన, డీజిలు పొగ. పట్టాల అవతల ప్లాట్‌ఫారం కనిపిస్తూనే ఉంది. జనం గేటు కింద నుంచి దూరి పరిగెత్తుతున్నారు.

"సార్, దిగండి. నేను దిగాల," అంది అమ్మాయి. నేను లారీ చక్రాన్ని చేత్తో తోశాను. ఎందుకు తోశానో తెలియదు. మా రైలు మా కళ్ల ముందే స్టేషన్లోకొచ్చి ఆగింది, కూత వేసింది, వెళ్లిపోయింది.

"సెప్పేనా! ముగ్గురెల్తే ఇంతే," అన్నాడు డ్రైవరు.

వానలో బస్సు కోసం గంట నిలబడి, ఆమె విశాఖ చేరేసరికి పదిన్నర దాటిందట. ఆసుపత్రి గేటు దగ్గరే తిప్పి పంపేశారు.

వారం తర్వాత మళ్లీ వాన పడింది. మళ్లీ ముగ్గురమే తేలేసరికి ఆటో కదల్లేదు. కొత్తగా వచ్చిన ఒకాయన విసుక్కుంటే డ్రైవరు నా ముందే ఆ అమ్మాయి సంగతి చెప్పాడు. "మాస్టారు ఎంత సదూకున్నోరు! ఈరే ముగ్గురితో బండి తీయించేరు. పాపం ఆ పిల్లకి వుద్యోగం పోయింది. కావలిస్తే అడగండి."

కొత్తాయన నా వైపు తిరిగాడు. రైలు తప్పింది ముగ్గురి వల్ల కాదు, పావుగంట వాదించిన నా నోటి వల్ల. ఆ మాట చెబితే డ్రైవరు నమ్మకం అక్కడికక్కడే కూలిపోతుంది. చెప్పగలిగిన సాక్షిని నేనే.

నాలుగో మనిషి గొడుగు ముడుచుకుంటూ వచ్చి ఎక్కాడు. నేను నోరు విప్పకుండానే ఆటో కదిలింది.