పెద్దావు కూర్చుంటేనే మకాం

మా అత్తగారింట్లో ప్రతి పనికీ నలుగురిని అడగడం అలవాటు. బావి ఎక్కడ తవ్వాలన్నా, ఇంటి కప్పు ఎప్పుడు మార్చాలన్నా వాడకట్టంతా తిరిగి అడిగేవాళ్లు. ఎండాకాలం అడవిలో ఎక్కడ దిగాలన్నది మాత్రం మనుషుల్ని అడిగేవాళ్లు కాదు. ఆవును అడిగేవాళ్లు. ఆ ఆవు మూలంగా నేను పడ్డ అగచాట్లు తలుచుకుంటే ఇప్పటికీ పళ్లు నూరుకుంటాను.

మాది దేవరకొండ పక్కన మెట్ట ఊరు. నిజాం సర్కారు చివరి రోజులు. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. మాఘం నాటికే చెరువు నెర్రెలు బారింది, చొప్ప వాము నేలకు దిగింది. అలాంటి ఏడు పశువులున్న ఇళ్లవాళ్లు మందను తోలుకుని దిండి వాగు దాటి, అచ్చంపేట మీదుగా గుట్టలెక్కి అమ్రాబాదు అడవిలోకి పోయేవాళ్లు. ఆ గుట్టల మీద చెట్ల మధ్యన ఎన్నో కుంటలు. నడివేసవిలో కూడా కొన్నింట్లో నీళ్లు నిలిచేవి. ఏదో ఒక కుంట పక్కన ముళ్లకంప కొట్టి దొడ్డి కట్టుకుని, ఆకుల గుడిసె వేసుకుని, తొలకరి పడేదాకా అక్కడే ఉండాలి.

ఉగాది దాటిన వారానికి మేము నలుగురం బయలుదేరాం. మా మామ, అత్త, నా పెనిమిటి, నేను. పశువులు ఇరవై దాకా ఉంటాయి. అందులో ఒక్కటే నాది. పెళ్లిలో మా అమ్మ అరణంగా ఇచ్చిన కపిల ఆవు. కిందటేడు తొలి ఈతలో దూడ చచ్చి పుట్టింది. ఇప్పుడు మళ్లీ నిండు చూలు. బయలుదేరేటప్పుడే మా అత్త గడపలో నిలబడి చెప్పింది.

"ఇగో పిల్లా, ఈసారి గూడ దూడ దక్కకుంటే నీ ఆవును అంగడికి తోలుడే. ఉత్తగ మేపనీకి మనకు గడ్డి ఎక్కువైందా?"

అన్న మాట తప్పే మనిషి కాదు. అందుకే దారి పొడుగునా నా కళ్లు ఆ ఆవు నడక మీదే.

మందలో అన్నిటికన్నా ముసలిది పెద్దావు. మెడలో గంట కట్టి ముందు నడిపించేవాళ్లు. అది ఏ కుంట పక్కన తనంతట తాను కూర్చుని నెమరు వేస్తుందో అక్కడే మా మకాం. మా మామ వాళ్ల నాయిన కాలంలో ఒకసారి పెద్దావు మాట వినకుండా వేరేచోట దిగితే చిరుత వచ్చి రెండు దూడలను ఎత్తుకుపోయిందట. అప్పటి నుంచి ఆ ఇంట్లో అదే శాసనం.

మొదటి కుంట చూడగానే నా ప్రాణం లేచి వచ్చింది. నీళ్లు తేటగా ఉన్నాయి, గట్టు మీద నల్లమద్ది చెట్ల నీడ, కాలు పెడితే మెత్తని గడ్డి. నా పెనిమిటి నెత్తి మీది మూట దించేసి తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. పెద్దావు కడుపునిండా నీళ్లు తాగింది. తల ఎత్తి అటూ ఇటూ చూసింది. గంట మోగించుకుంటూ ముందుకు పోయింది.

"ఎత్తు మూట," అన్నాడు మామ.

"నాయినా, గింత మంచి జాగ..."

"జాగ మంచిదో చెడ్డదో నీకేం ఎర్క? నువ్వు నెమరేస్తవా?"

ఎత్తుకున్నాడు.

రెండో కుంటకు చేరేసరికి పొద్దు నడినెత్తి మీద ఉంది. అక్కడ పెద్దావు కూర్చుంది. నిజంగా కూర్చుంది. మోకాళ్లు మడిచి, ఉస్సురని, హాయిగా నెమరు మొదలుపెట్టింది. మామ తలపాగ తీసి దండం పెట్టాడు. నేను పొయ్యికి రాళ్లు వెతుకుతున్నాను. అంతలో అత్త నడుము మీద చెయ్యి పెట్టుకుని ఆవు చుట్టూ తిరిగి వచ్చింది.

"లేపుండ్రి దాన్ని."

"లేపుడేందే? కూసున్నంక లేపుతరా?"

"దచ్చినం దిక్కు మొకం పెట్టింది. కండ్లు కనవడ్తలేవా? యముని దిక్కు సూసుకుంట కూసున్న ఆవును నమ్ముకొని రెండు నెలలు గీడుందమా?"

మామ ఆకాశం చూశాడు, ఆవును చూశాడు. దిక్కు దక్షిణమే. "జర ఆగుదాం. మర్లి కూసుంటదేమో," అన్నాడు.

ఆగాం. ఆ ఎండలో, నలుగురం ఒక ఆవు మొహం వైపు చూస్తూ ఆగాం. అది మర్లలేదు. నా పెనిమిటికి విసుగెత్తి, "తోక పట్టి తిప్పుదమా?" అన్నాడు.

"మనం తిప్పితే అది మన తీర్మానం అయితది. ఆవుది గాదు," అన్నాడు మామ.

చివరికి దాన్ని అదిలించి లేపారు. మళ్లీ నడక.

మూడో కుంటలో పెద్దావు మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగి అక్కడే నిలబడిపోయింది. నిలబడే నెమరు వేసింది. పొద్దు గూకేదాకా బయటికి రాలేదు. నిలబడితే లెక్కలోకి రాదన్నాడు మామ. చీకటి పడుతోంది కాబట్టి పశువులను చెట్లకు కట్టేసి అక్కడే పడుకున్నాం. అయినా దాన్ని మకాం అనకూడదట. ఊరికే ఆగడమట. మకాం కాదు గనుక పొయ్యి కూడా పెట్టకూడదని అత్త పొద్దున మిగిలిన అంబలే పోసింది. అదే తాగి పడుకున్నాను. వద్దనే హక్కు ఉంటే గదా.

తెల్లారి నా ఆవు దగ్గరికి పోయి చూశాను. పొదుగు బిగిసి మెరుస్తోంది. తోక మొదట్లో రెండు పక్కలా గుంటలు పడ్డాయి. అడుగు తీసి అడుగు వేయడానికి ఆయాసపడుతోంది. ఇంకో రోజు రాళ్ల దారిలో తోలితే దూడ దక్కదని నాకు తెలిసిపోయింది. ఆ రోజుల్లో కోడలు మామతో ఎదురుబడి మాట్లాడేది కాదు. చెప్పాల్సింది ఉంటే కొంగు నెత్తి మీదికి లాక్కుని గోడకో, గొడ్డుకో చెప్పాలి. నేను నా ఆవు గంగడోలు నిమురుతూ గట్టిగా అన్నాను.

"ఓ తల్లీ, ఇగ నువ్వు నడవలేవు గదనే. ఇయ్యాలో రేపో ఈన్తవు. నీళ్లున్నయి, నీడున్నది. గీడనే దిగితే ఏం బోయింది?"

మామ పెద్దావు వీపు మీద చెయ్యి వేసి దానితో అన్నాడు.

"సూస్తివా పెద్దమ్మా, మొన్న వచ్చినోళ్లు నీకు జాగ సూపిస్తున్నరు."

"మా ఆవు తిప్పలు మా ఆవుకే ఎర్క," అన్నాను నా ఆవుతో.

"దిగమన్నప్పుడు దిగుతం. నువ్వు నడువే తల్లీ," అన్నాడు ఆయన ఆ ఆవుతో.

రెండు ఆవులూ తోక ఊపాయి. మా పెనిమిటి ఎటూ చూడకుండా మూటలు కట్టుకుంటున్నాడు.

అందరూ కదిలారు. నేను నా ఆవును పట్టుకుని వెనకబడ్డాను. దారి పక్కన ఒక చెంచు అవ్వ ఇప్పపూలు ఏరుకుంటోంది. నడుం ఎత్తి నా ఆవును ఒక్క చూపు చూసింది.

"ఈనే గొడ్డును ఏడికి తోల్తున్నవు బిడ్డా?"

ఏం చెప్పను? పెద్దావు సంగతి చెప్పాను. దక్షిణం దిక్కు సంగతీ, నీళ్లలో నిలబడ్డ సంగతీ చెప్పాను. అవ్వ బుట్ట కింద పెట్టి మరీ నవ్వింది.

"ఆవు జెప్పినట్టు ఇనుడు మంచిదే. మరి గీ ఆవు గూడ చెప్తనే ఉన్నది గద. దీని మాట ఎవలు ఇంటరు?"

ఆ మాట నాకు చురుక్కున తగిలింది. "అవ్వా, దగ్గర్ల నీళ్లున్న కుంట ఉన్నదా?" అన్నాను. ముందున్న రాళ్లగుట్ట వెనకే ఒకటి ఉందనీ, నీళ్లు తక్కువే గానీ ఎండదనీ, మంద ఎలాగూ ఆ గుట్ట సందులోంచే పోవాలనీ చెప్పింది.

నా ఆవును నెమ్మదిగా వెనక రానిచ్చి, నేను పరుగున పోయి అత్తను కలుసుకున్నాను. నీళ్లు చూసి వస్తానని కుండ అందుకున్నాను. కుండతో పాటు ఉప్పున్న చిన్న మట్టి గురిగిని కూడా కొంగు చాటున పెట్టుకున్నది ఆమె చూడలేదు. అడ్డదారిన గుట్ట దిగాను. కుంట చూస్తే ఏడుపొచ్చింది. బురద నీళ్లు, గట్టంతా రాళ్లు, ఒకే ఒక్క ఇప్పచెట్టు. కానీ ఆ చెట్టు కింద చాప పరిచినట్టు చదునైన బండ ఉంది. ఎటు తిరిగి నాకితే మొహం తూర్పుకు వస్తుందో చూసుకున్నాను. బండ పడమటి అంచున నీళ్లు చల్లి, గురిగిలో ఉన్న గల్లుప్పంతా కుమ్మరించి చేత్తో రుద్దాను. రెండు నెలలకని తెచ్చిన ఉప్పు. ఖాళీ గురిగిని మళ్లీ కొంగు చాటున దాచాను.

గంట వినబడింది. పెద్దావు వచ్చింది. బండ దగ్గర ఆగి వాసన చూసింది. నాలుక చాచింది. ఇక వదలదు. ఎంత నాకిందో! దాహం పుట్టి కుంటలోకి దిగి నీళ్లు తాగింది. ఇక పోతుందేమో అనుకున్నాను. పోలేదు. గిరుక్కున తిరిగి వచ్చి మళ్లీ బండ నాకింది. ఆఖరికి నీడలో ఆ బండ పక్కనే మోకాళ్లు మడిచి కూర్చుంది.

ఆవు మొహం ఏ దిక్కున ఉందో అత్త చూసింది. తూర్పు. మామ చేతులెత్తి దండం పెట్టాడు.

"గీ రాళ్లల్లనా?" అన్నాడు నా పెనిమిటి.

"నోర్ముయ్. దానికి తెల్వదా?" అన్నాడు మామ.

మర్నాడు పొద్దు పొడిచే వేళకు నా కపిల ఈనింది. ఆడదూడ. తడబడుతూ లేచి పొదుగు వెతుక్కుని ముర్రుపాలు తాగుతుంటే నేను అక్కడే చతికిలబడి ఏడ్చాను. అత్త కూడా దూడ చెవులు తుడుస్తూ, "బతికిపోయినవే," అంది. ఆవును అన్నదో నన్ను అన్నదో అడగలేదు.

కష్టాలు ఆ పూటే మొదలయ్యాయి. అత్త గటక వండుతూ గురిగి తలకిందులు చేసింది.

"ఉప్పేది పిల్లా?"

"వాగు దాటేటప్పుడు ఒలికింది అత్తా."

"ఏ వాగు? నిన్న మనం దాటిన వాగుల తడి గూడ లేదు గద!"

నేను పొగకు కళ్లు నలుపుకున్నాను. ఉప్పు లేని జొన్న గటక, ఉప్పు లేని పచ్చిపులుసు, నాలుగు దినాలు. నా పెనిమిటి అమ్రాబాదు దాకా నడిచి ఉప్పు తెచ్చేసరికి గుడిసెలో ఎవరి మొహంలోనూ నవ్వు లేదు. ఆ కుంట పక్కన ఎర్రచీమలు నిద్ర పోనిచ్చేవి కావు. నీళ్లు రెండుసార్లు వడగట్టినా మట్టివాసనే. సాయంత్రమైతే ఇప్పపూల కోసం ఎలుగుబంటి వచ్చేది. నేనూ అత్తా ఇత్తడి తాంబాళం వాయించి దాన్ని తరిమేవాళ్లం. ఏది జరిగినా మామ పెద్దావును చూపించేవాడు.

"అయినా సూడుండ్రి, ఒక్క పశువు పోయిందా? ఈనిన దూడ దక్కలేదా? ఆవుకు ఎర్క."

ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. ఆవుకు కాదు, నాకు ఎరుక అని అరవాలనిపించేది. అరిస్తే ఏమవుతుందో కూడా నాకే ఎరుక. చీమ కుట్టినప్పుడల్లా నన్ను నేనే తిట్టుకుని గోక్కునేదాన్ని. ఊరికి తిరిగొచ్చాక ఆ బండ మహిమను మామ వాడ వాడకూ చెప్పాడు.

మరుసటేడు కూడా వానలు అంతంత మాత్రమే. మళ్లీ గుట్టలెక్కాం. నా కపిల వెంట ఏడాది పెయ్య గంతులు వేస్తూ నడుస్తోంది. దాన్ని అంగడికి తోలే మాట అత్త మళ్లీ ఎత్తలేదు. మొదటి కుంట నిరుటిలాగే తేటగా ఉంది. నల్లమద్దుల నీడ కూడా అలాగే ఉంది. నేను నా ఆవుతో, "ఎంత సల్లగున్నదే తల్లీ, గీడ," అని ఇంకా అననే లేదు, మామ పెద్దావుతో అన్నాడు.

"నడువే పెద్దమ్మా. మన జాగ మనకున్నది."

నడిచింది. ఈసారి ఎవరూ తోలే పని కూడా లేకపోయింది. రాళ్లగుట్ట సందు కనబడగానే ఆ ముసలిది పరుగందుకుంది. మేము ఆయాసపడుతూ చేరేసరికి బండ పడమటి అంచున నిలబడి తల వంచి నాకుతోంది. నాకి, తల ఎత్తి, నా వైపు చూసింది. మళ్లీ నాకింది. మళ్లీ నా వైపే చూసింది.

మామ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "సూస్తున్నరా? జాగకు మొక్కుతున్నదిరా!" అన్నాడు కొడుకుతో.

అత్త ఆవును చూసింది. బండను చూసింది. వేలు తడి చేసుకుని బండ మీద రాసి నాలుక మీద పెట్టుకుంది. ఏడాది వానకూ ఎండకూ అక్కడ ఏం మిగిలి ఉంటుంది? ఏమీ లేదు. అయినా నన్ను పాదాల నుంచి నెత్తి దాకా ఒకసారి చూసింది. నేను కొంగు ఇంకాస్త ముందుకు లాక్కున్నాను.

అత్త నా దగ్గరికి వచ్చింది. నా మూట విప్పి, ఉప్పు గురిగి తీసి, తన మూటలో పెట్టుకుని రెండు ముడులు వేసింది.

"పోయి పొయ్యికి రాళ్లు ఏరుకరా. చీమలు లేని కాడ సూడు," అంది.

చీమలు లేని చోటు ఎక్కడుంది ఆ గట్టు మీద!