పగలని అద్దం

ఒక శెట్టిగారి శుభకార్యాన్నీ, మూడు తరాల మా వంశప్రతిష్ఠనూ ఒకే ఒక్క గాజుపలకతో ఎలా ముంచానో చెబుతాను. నవ్వుకోండి, అభ్యంతరం లేదు. మా తాతగారి పటం వైపు చూసి మాత్రం నవ్వకండి.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్త. గుంటూరులో మాకు మిగిలిన జమీందారీ అల్లా ఒక సింహాల గేటు. దాని పక్క ప్రహరీ ఎప్పుడో కూలింది. మేకలు కూడా అటునుంచే వచ్చేవి. నేను మాత్రం తాళం తీసి గేటులోంచే వచ్చేవాణ్ణి. గోడ లేకపోతే గేటుకు తాళం ఉండకూడదా?

మా మేనమామకు మిరపకాయల కొట్టు ఉంది. "గుమాస్తాగా వచ్చి కూర్చోరా" అనేవాడు. కాటా పక్కన నేనా! అద్దాల మీద దేవుడి బొమ్మలు వేసి అమ్మడం మొదలుపెట్టాను. ఈ పనిలో రంగులు గాజుకు వెనకవైపు వేస్తాం, బొమ్మ ముందునుంచి చూస్తారు. కుడి ఎడమవుతుంది. నాకు పని నేర్పినాయన ఇచ్చిన దేవుళ్ల నమూనాలు ముందే తిప్పి గీసినవి కాబట్టి ఆ చిక్కు నాదాకా రాలేదు.

ఇంతలో పత్తిమిల్లు శెట్టిగారు కబురు పెట్టారు. "బాబుగారూ, నా షష్టిపూర్తికి నా బొమ్మే వేయాలి. ఇదిగో, పీటల మీద కూర్చున్న ఫోటో. ఊరందరి ముందూ ముసుగు తీయిస్తాను."

మామయ్య వెంటనే పందెం కాశాడు. "ఇది మెప్పించావా, నీ జోలికి రాను. లేదా, మర్నాడే కొట్లో ఉండాలి. సరేనా?"

"మా వంశంలో మాట తప్పినవాడు లేడు" అన్నాను.

ఫోటో గాజు కింద పెట్టి, ఉన్నదున్నట్టు గీశాను. అడుగున 'శుభమస్తు' అని మాత్రం ఎంతో తెలివిగా తిప్పి రాశాను.

"ఏమండీ, ఒక్కసారి అవతలివైపు నుంచి చూడరాదూ?" అంది మా ఆవిడ.

"మా వంశంలో ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు" అన్నాను.

షష్టిపూర్తినాటి ఉదయం రంగు ఆరాక, చట్రం బిగించి నిలబెట్టి చూశాను. శెట్టిగారి జంధ్యం కుడి భుజం మీద ఉంది! పితృకార్యాలకు వేసుకునే తీరు!

అద్దాన్ని ఒళ్లో పెట్టుకుని మస్తాను జట్కా ఎక్కాను. గాజు వ్యాపారం చేస్తూ గాజు పగలాలని మొక్కుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే అయి ఉంటాను.

"మస్తానూ, ఆ గుంటలోంచి పోనీ!"

"గుంటలోంచా! మీ పెద్దల ఉప్పు తిన్నాం బాబుగారూ. చూడండి, గుర్రం కూడా ఊపిరి బిగబట్టి నడుస్తోంది."

మిరపబస్తాల బళ్లు ఎదురొచ్చాయి. ఒక్కటీ తగలలేదు. నేనే పడేద్దామంటే, సొంత సరుకు జారవిడిచాడన్న అప్రతిష్ఠ! కుమ్మరికి ఏడాది, గుదియకు ఒక పెట్టు అంటారు. ఆ ఒక్క పెట్టూ నాకు దొరకలేదు.

శెట్టిగారి హాలు కిటకిటలాడుతోంది. ముసుగు తీశారు. సన్నాయి ఆగిపోయింది.

"రామ రామ! అపసవ్యం!" అన్నారు పురోహితుడు.

"శుభమా అని పీటల మీద కూర్చుంటే, మా ఆయన ఎవరికి తద్దినం పెడుతున్నారండీ?" అంది శెట్టిగారి భార్య.

అయినా నా వెన్ను వంగలేదు. తాతగారి వెండిపొన్ను కర్ర నేలకు తాటించాను. "ఇది నేరుగా చూసే బొమ్మ కాదు. ఆస్థానాల్లో ఇలాంటివి ఎదురద్దంలో చూస్తారు. నిలువుటద్దం తెప్పించండి!"

తెచ్చారు. అందులో జంధ్యం ఎడమ భుజం మీదికి వచ్చి కూర్చుంది. "ఆహా!" అంది సభ. శెట్టిగారి ముఖం విప్పారింది. నేను మీసం మీద చెయ్యి వేశాను.

అప్పుడు పురోహితుడు అద్దం దగ్గరికి వంగి, "బాబుగారూ, కింద ఏదో రాశారు. ఇది ఏ భాష?" అన్నారు.

నేను తప్పులేకుండా చేసిన పని అదొక్కటే. అదే పట్టిచ్చింది.

వెనక వరసలోంచి మామయ్య గొంతు వినబడింది. "భాష తెలుగేనండీ, శుభమే తిరగబడింది. ఒరేయ్, రేపు పెందలాడే వచ్చెయ్!"

అందరికంటే ఎక్కువ నవ్వింది శెట్టిగారే.

మాట తప్పని వంశం కదా, మర్నాడు వెళ్లాను. ఆ మిరప ఘాటులో, కాటా సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: మా వంశంలో మొదటివాణ్ణి అయినా సరే, ఇకమీదట ఏ పనినైనా వెనక్కి తిప్పి చూడకుండా ముసుగు వేయను. అంటుండగానే తుమ్మాను. తుమ్మితే సత్యమంటారు. మిరపకాయల కొట్లో ఆ సాక్ష్యం చెల్లదన్నాడు మామయ్య.