మా బావగారి మైలేజీ, నా బండి

ఖమ్మంలో బండి కొన్నవాళ్లను రంగు గురించి ఎవరూ అడగరు. బ్రేకులు బాగా పడుతున్నాయా అని కూడా అడగరు. "ఎంత ఇస్తది?" అంటారు. లీటరుకు ఎన్ని కిలోమీటర్లని. బర్రె పూటకు ఎన్ని లీటర్లు ఇస్తుందని అడిగే ముఖమే అది, మాటా అదే. నా టర్బో కారు ఇంటికొచ్చిన రోజు ఖానాపురం హవేలిలో మా సందులో అందరూ అదే అడిగారు. "పదమూడు" అని చెప్పాను. ఎవరో పోయారని చెప్పినట్టు చూశారు. ఎదురింటాయన "పోనీలెండి మేడం, నడవంగ నడవంగ పెరుగుతది" అని ఓదార్చాడు. పెరగదు. నా చేతిలో అసలే పెరగదు. పెరగాలని నేను కొననూ లేదు.

నేను గవర్నమెంటు జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెప్తాను. కాలేజీ భద్రాచలానికి ఇవతల, అడవి అంచున. సోమవారం తెల్లారకముందే బయల్దేరతాను, వారమంతా అక్కడే కిరాయి గదిలో ఉండి శనివారం సాయంత్రం ఖమ్మం చేరుకుంటాను. ఇదివరకు చిన్న పెట్రోలు కారు ఉండేది. దాన్నేమీ అనను, లీటరుకు ఇరవై పైనే ఇచ్చేది, మహా ఇల్లాలు. కానీ కొత్తగూడెం వైపు బొగ్గు లారీలు, పాల్వంచ దాటితే గోదావరి ఇసుక లారీలు. ఇసుక లారీ వెనక పడ్డామంటే అది కార్చే నీళ్లు, రోడ్డు దుమ్ము కలిసి అద్దం మీద బురద. దాన్ని దాటాలంటే ముందు ఏసీ బంద్ చెయ్యాలి. తర్వాత గేరు దించాలి. తర్వాత స్టీరింగు మీదికి ఒరగాలి, మనం ఒరిగితే బండికి బలం వస్తుందన్నట్టు. సగం దాటేసరికి ఎదురుగా బస్సు. మళ్లీ వెనక్కి, మళ్లీ బురద. అది డ్రైవింగ్ కాదు, మొక్కుకోవడం.

అందుకని దాన్ని మార్చేద్దామని షోరూంకు పోయాం. సేల్స్ అతను మా ఆయనకు తెల్లటి మామూలు మోడల్ చూపిస్తున్నాడు. "మేడంకు ఇది ఈజీగ ఉంటది సార్" అంటున్నాడు. మేడం అక్కడే నిలబడి ఉంది. పక్కన నల్లగా, నేలకు ఆనుకుని కూర్చున్నట్టున్న బండిని చూపించి అదేంటని అడిగాను.

"అది టర్బో మేడం. యూత్ తీసుకుంటరు."

"యూత్‌కు ఈఎంఐ ఎవరు కడుతున్నరు?"

"వాళ్ల ఫాదర్సే మేడం."

"నాది నేనే కట్టుకుంట. తాళం తెండి."

టర్బో అంటే పెద్ద బ్రహ్మవిద్య కాదు. ఇంజను వదిలే పొగ ఒక చిన్న ఫ్యానును తిప్పుతుంది. ఆ తిరుగుడుకు ఇంకో ఫ్యాను బయటి గాలిని ఇంజన్లోకి కూరుతుంది. ఊరికే గాలిలో కలిసిపోయేదాన్ని పట్టి పనికి పెట్టడం. ఇరవయ్యేళ్లుగా నేను పిల్లలకు పాఠం చెప్తున్నది అదే. ఎక్సలరేటరు నొక్కితే మొదట ఒక్క క్షణం ఏమీ జరగదు. బండి ఆలోచించుకుంటున్నట్టు ఉంటుంది. తర్వాత వీపు సీటుకు అతుక్కుంటుంది. లారీ సైడ్ అద్దంలో ఉంటుంది, ఏసీ చల్లగానే ఉంటుంది, ఎదురొచ్చే బస్సు ఇంకా ఎక్కడో చెట్ల మధ్య ఉంటుంది.

ఖర్చు దాచిపెట్టను. పెట్రోలు బంకువాడు నన్ను చూస్తే నవ్వుతాడు, దగ్గరి చుట్టాన్ని చూసినట్టు. ఇన్సూరెన్సు పాతదానికి కట్టినదాని పక్కన పెడితే కళ్లు తిరుగుతాయి. దీనికి సింథటిక్ ఆయిలే పొయ్యాలి, అదీ చెప్పిన టైముకు పొయ్యాలి, "ఇంకో నెల నడుస్తదిలే" అంటే కుదరదు. టైర్లు వెడల్పుగా, పక్కలు పలచగా ఉంటాయి. జూలూరుపాడు దగ్గర ఒక గుంతలో పడి ఒక టైరుకు పక్కన కణితి లేచింది. అలాంటి టైరు ఖమ్మంలో దొరకలేదు, విజయవాడ నుంచి తెప్పించాను. నాలుగు రోజులు బస్సులో తిరిగాను. ఆ టైరు ఖరీదు విని మా ఆయన అన్నం మధ్యలో చెయ్యి ఆపాడు. ఇంకొకటి, బాగా పరిగెత్తించాక ఆపేముందు ఇంజనును అర నిమిషం ఊరికే నడవనివ్వాలి, ఆ ఫ్యాను చల్లబడాలి. మా బావగారికి, అంటే మా ఆయన అన్నకు, ఆ అర నిమిషం ప్రాణసంకటం. మా పక్క వాటాలోనే ఉంటారు. నేను వాకిట్లో ఆగగానే వచ్చి కిటికీలోంచి చెయ్యి పెట్టి బటన్ నొక్కి ఆపేసేవారు. "నిలబడ్డ బండి పెట్రోలు తాగుడేందమ్మా" అని.

ఇంత ఖర్చుకు తగ్గట్టు ఈ బండిలో ఎవరినో రాత్రికి రాత్రి దవాఖానాకు చేర్చి ప్రాణం నిలబెట్టానని చెప్తే అందరూ ఒప్పుకుంటారు. ఆడమనిషి సరదాకు అలాంటి సర్టిఫికెట్టు ఏదో ఒకటి కావాలి. నా దగ్గర లేదు. నేను ఎవరి ప్రాణమూ కాపాడలేదు. లారీలు దాటాను. నాకు బాగుంది.

బావగారు బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. చెడ్డమనిషి కాదు. మా పాపకు సైకిలు నేర్పింది ఆయనే, నాకు మొదటిసారి స్టీరింగు ఇచ్చిందీ ఆయనే. ఆయన డిపోలో నెలనెలా ఏ డ్రైవరు లీటరుకు ఎంత దూరం తీశాడో బోర్డు మీద రాసేవాళ్లు. ఆయన పేరు ఎప్పుడూ పైనే. పండక్కి శాలువా కప్పి స్టీలు బిందె ఇచ్చారు. ముప్పయ్యేళ్లు డీజిలు చుక్కచుక్క మిగిల్చిన మనిషి ఇంటి ముందు పదమూడు ఇచ్చే బండి నిలబడటం ఆయనకు పరువు సమస్య. అది నాకు అర్థమైంది. అర్థమైనంత మాత్రాన బండి మారుస్తానా?

మొన్న వేసవి మొదట్లో ఒక సాయంత్రం వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"బేరం కుదిరిందమ్మా. ఎర్రుపాలెం ఆయన. మిర్చి వేస్తడు, మంచోడు. కొడుక్కు కావాల్నంట. మాట ఇచ్చిన."

"ఏం బేరం?"

"నీ బండి."

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన ఫ్యాను వైపు చూశాడు.

"బండి నా పేరు మీద ఉంది బావగారూ."

"పేరుదేముంది. ఇంటి మంచి జూడాలె. నీకు మళ్ల ఎన్కటి అసొంటి బండి నేను దగ్గరుండి ఇప్పిస్త. అయితే ఆయనకు మైలేజీ చెప్పాలె గద, పదమూడని ఎట్ల చెప్తం, ఇజ్జత్ పోతది. ఈ ఆయితారం నేను భద్రాచలం దాక నడిపి లెక్క తీస్త."

వద్దని అప్పుడే అనొచ్చు. అనలేదు. జీవితమంతా బండి నడిపిన మనిషి, ఒక్కసారి దీన్ని చేతిలోకి తీసుకుంటే తనంతట తానే మాట వెనక్కి తీసుకుంటారనుకున్నాను. డ్రైవరు కదా, తెలియకుండా ఉంటుందా అనుకున్నాను. తాళం ఇచ్చాను.

ఆదివారం పొద్దున బంకులో మొదలైంది. ట్యాంకు నిండినా ఒప్పుకోలేదు. మా ఆయన ఒక పక్క, ఆయన ఒక పక్క నిలబడి బండిని ఊపారు, లోపలి గాలి పోయి ఇంకో గుక్క పెట్రోలు పట్టాలని. వెనక వాళ్లు హారన్లు కొడుతున్నారు. నేను ముందు సీట్లో కూర్చుని ఊగుతున్నాను. ఏసీ బంద్. అద్దాలు సగం దించితే గాలి అడ్డు పడుతుందని పూర్తిగా ఎత్తించారు. ఊరు దాటకముందే టాప్ గేరు వేశారు. నలభై మీద పోతున్నాం. బండి లోపల ఎక్కడో గుడగుడమంటోంది, అన్నం దిగని గొంతులాగా.

"బావగారూ, గేరు దించండి. ఇంజను ఏడుస్తోంది."

"ఏడ్వనీ. ఇప్పుడిప్పుడే నేర్చుకుంటది."

పల్లం వస్తే న్యూట్రల్. ఎక్కుడు వస్తే ఊపిరి బిగబట్టి అదే గేరు. పాల్వంచ దాటాక ఇసుక లారీ వెనక పడ్డాం. నీళ్లు కారుతున్నాయి. రోడ్డు ఖాళీగా ఉంది, చాలా దూరం కనిపిస్తోంది.

"దాటండి."

"ఎందుకు? ఆయన ముందు పోతుంటె మనకు గాలి అడ్డం రాదు. మంచిగున్నది."

వెనక సీట్లో మా ఆయన చొక్కా గుండీలు విప్పుకున్నాడు. "అన్నా, జర అద్దం..." అని ఊరుకున్నాడు.

ఇప్పపూలు రాలే కాలం. రోడ్డు పక్క చెట్ల కింద తెల్లారి నుంచి ఆడవాళ్లు ఏరుతూనే ఉంటారు. ఒక మలుపు దగ్గర ఎప్పుడూ సోమవారాల్లో నా బండి ఎక్కే ఆమె నిలబడి ఉంది, నెత్తిన గంప. అడవి లోపలి ఊరు ఆమెది. నల్లబండి చూడగానే నవ్వి చెయ్యెత్తింది.

"ఆపండి, మనామెనే."

"ఆపితే మళ్ల ఫస్టు గేరు నుంచి ఎత్తుకోవాలె. ఎంత తాగుతదో తెల్సా? పైగ గంప బరువు."

దాటిపోయాం. నలభై మీద పోతుంటే అన్నీ నెమ్మదిగా కనిపిస్తాయి. ఆమె చెయ్యి దించడం, నన్ను అద్దంలోంచి గుర్తుపట్టడం, నవ్వు ఆగిపోవడం, మూడూ వరసగా చూశాను. అప్పుడే తేల్చుకున్నాను. ఈయన మనసు మారాలని ఎదురు చూడటం దండగ. మారినా మారకపోయినా ఈ బండి నేను ఇవ్వను.

సాయంత్రం అదే బంకులో మళ్లీ నింపారు, మళ్లీ ఊపారు. ఇరవై ఒకటి వచ్చింది. అబద్ధం ఎందుకు, ఆయన తీశారు. ఆ బండిలోంచి ఇరవై ఒకటి తియ్యడం మామూలు మనిషి వల్ల కాదు. "చూసినవామ్మా, తప్పు బండిది కాదు" అన్నారు. "కాదు, నిజమే" అన్నాను. చెమటకు చీర ఒంటికి అంటుకుపోయి ఉంది, తల పగిలిపోతోంది. అయినా ఆయన ముఖంలో వెలుగు చూసి ఆ పూటకు ఊరుకున్నాను.

వారం తిరిగేసరికి ఎర్రుపాలెం ఆయన వచ్చాడు. తెల్ల చొక్కా, చేతిలో పళ్ల సంచి, జేబులో అడ్వాన్సు. బావగారు వాకిట్లోనే అందుకున్నారు.

"ఇరవై ఒకటి ఇస్తది. నేను స్వయంగ నడిపిన."

వచ్చినాయన బండి చుట్టూ తిరిగి సంబరపడ్డాడు. నేను చాయ్ కప్పు ఇచ్చి చెప్పాను, "అంకె నిజమేనండీ. కాకపోతే ఆయన నడిపితేనే అంత. నా చేతిలో పదమూడు."

"అట్లనా. అయితే బండితోపాటు ఈ పెద్దాయన్ని గూడ ఇస్తరా?" అని నవ్వాడు. బావగారు నవ్వలేదు. "పదమూడైనా పర్వాలేదమ్మా, మావాడు ఈ నల్లదే కావాలంటున్నడు" అని ఎర్రుపాలెం ఆయన జేబులో చెయ్యి పెట్టాడు.

నవ్వుతో గడిచిపోతుందేమోననుకున్నాను. గడవలేదు. చెప్పక తప్పలేదు.

"మీది తప్పు లేదండీ, చానా దూరం నుంచి వచ్చిండ్రు. కానీ ఈ బండి అమ్మేది లేదు. నన్ను అడగకుండ మీకు మాటిచ్చిండ్రు. భోంచేసి పోండి."

ఆయన చెయ్యి జేబులోనే ఆగిపోయింది. బావగారి మెడ ఎర్రబడింది.

"నా మాటకు విలువ లేదన్నట్టేనా?"

"మీ మాటకు ఉంది బావగారూ. మీ వస్తువుల మీద ఎన్ని మాటలైనా ఇచ్చుకోండి. నా జీతంతో కొన్నదాని మీద ఇయ్యకండి."

"ఏందిరా, నువ్వు చెప్పవేంది?" అని తమ్ముడి వైపు తిరిగారు. మా ఆయన చెప్పులు చూసుకున్నాడు. "బండి ఆమెదే గదన్నా" అన్నాడు చివరికి, తనకే వినపడనంత మెల్లగా. తర్వాత నీళ్లు తెస్తానని లోపలికి పోయాడు. ఎవరూ నీళ్లు అడగలేదు. పెళ్లయినప్పటి నుంచి ఆయన అన్నకు ఎదురు చెప్పింది అదొక్కటే కాబట్టి నీళ్ల సంగతి నేను పట్టించుకోలేదు.

ఎర్రుపాలెం ఆయన భోంచెయ్యలేదు. పళ్లు మాత్రం ఉంచి పోయాడు. ఆ రోజు నుంచి బావగారు మా వాటాలోకి రాలేదు. వాకిట్లో ఎదురుపడితే ఆకాశం చూస్తారు. ఆదివారం కోడికూర వండితే గిన్నె పంపిస్తాను, ఖాళీ గిన్నె కడిగి తిరిగొస్తుంది, మాట రాదు. చుట్టాల్లో నా గురించి ఏమనుకుంటున్నారో నాకు చేరుతూనే ఉంది, నోటి దురుసుదనీ, కారు కోసం పెద్దరికాన్ని కాలదన్నిందనీ. ఈ బండి నడిపే ఖర్చులో అన్నిటికంటే ఎక్కువైంది ఇదే. పెట్రోలు, టైర్లు దీని ముందు ఎంత. బాధ లేదని అనను. సైకిలు నేర్పిన మనిషి. కానీ అది తగ్గించుకోవడానికి నా దగ్గర ఉన్న ఉపాయం ఒక్కటే, తాళం ఇచ్చెయ్యడం. ఇవ్వను.

పోయిన వారం తోటికోడలు, బావగారి భార్య, గోడ పక్కన బట్టలు ఆరేస్తూ పిలిచింది.

"సోమారం భద్రాచలం పోతవు గదా. నన్ను తీస్కపోతవా? గుడికి పోయి సాయంత్రం బస్సుకొస్త."

"దానికేమక్కా, రా."

"మీ బావకు చెప్పకు. చెల్లెలింటికని చెప్తా."

"అట్లయితే వద్దక్కా."

ఆమె చీర గుంజుతున్నదల్లా ఆగింది.

"దొంగతనంగ ఎక్కేటందుకు నేనేం ఎత్తుకొచ్చిన బండి నడుపుతలేను. చెప్పి వస్తనంటే రా. ఆయన వద్దంటే వద్దన్నరని నాకు చెప్పు, నేనేం అనుకోను."

"నీకు ప్రతిదీ పంచాయితే" అని చీర తాడు మీద పరిచి లోపలికి పోయింది. ఇంక రాదనుకున్నాను.

సోమవారం చీకటి విడవకముందే బండి బయటికి తీసేసరికి ఆమె గేటు దగ్గర నిలబడి ఉంది, చేతిలో కొబ్బరికాయ సంచి. ఆమె వెనక, వరండాలో బావగారు కుర్చీలో కూర్చుని ఉన్నారు. పేపరు ఇంకా రాలేదు, చేతులు ఖాళీగా ఉన్నాయి. మా వైపు చూడటం లేదు, లోపలికి లేచి పోవడమూ లేదు.

"చెప్పినవా?"

"చెప్పిన."

"ఏమన్నరు?"

"ఏమనలే."

ఆమె వెనక తలుపు తియ్యబోయింది. వంగి ముందు తలుపు తీశాను.