లక్షా ఎనభై వేలు తిరిగిన కారులో దుమ్ముగూడెం దాకా

ఆ శనివారం ఉదయం ఆరుంబావుకు ఖమ్మం కమాన్ బజారులోని మా కళ్లద్దాల కొట్టు ముందు నుంచి కారు తీశాను. వెనక సీట్లో మూడు అట్టపెట్టెల నిండా నలభై ఆరు జతల కళ్లద్దాలు, పక్కన నా పటకార్లు, స్క్రూడ్రైవర్లు ఉన్న రేకు డబ్బా. దుమ్ముగూడెం దాటాక అడవి అంచున ఆడపిల్లల హాస్టల్ బడి ఒకటి ఉంది. జనవరిలో వెళ్లి ఆ పిల్లల కళ్లు పరీక్ష చేసి వచ్చాను. సోమవారం నుంచి వాళ్లకు పదో తరగతి పరీక్షలు. ఆదివారం తెల్లవారగానే అందరినీ పరీక్ష రాసే ఊరికి తరలిస్తామని వార్డెన్ ఫోన్ చేసింది. శనివారం పొద్దుగూకేలోగా అద్దాలు వాళ్ల ముఖాల మీద ఉండాలన్నమాట.

"బస్సు పార్సిల్ల వెయ్యరాదు? ఈ కారును నమ్ముకొని అడవిలకు పోతవా?" అన్నాడు మా ఆయన. కిందటేడు పార్సిల్‌లో వేస్తే పదకొండు జతలు విరిగాయి. పైగా ఫ్రేమును ఎవరి ముక్కుకు, ఎవరి చెవులకు తగ్గట్టు వాళ్లకు దగ్గరుండి సరిచేయాలి. బస్సులు మారుతూ పోదామంటే, జనవరిలో చివరి బస్సు తప్పి భద్రాచలం బస్టాండ్‌లోనే తెల్లవార్లూ కూర్చున్నాను. "పోత" అన్నాను. ఆయన నీళ్ల డబ్బా తెచ్చి డిక్కీలో పెట్టాడు.

కారు మా అబ్బాజాన్‌ది. మీటరులో అయిదంకెలే ఉంటాయి. అది ఒకసారి సున్నాకు తిరిగి మళ్లీ ఎనభై వేలు దాటింది. ప్రయాణం ఉందని గురువారమే ఇంజన్ ఆయిల్ మార్పించాను. హైదరాబాద్‌లో కొత్త కార్ల షోరూంలో పనిచేసే మా చిన్నాన్న కొడుకు సలీం ఒక డబ్బా తెచ్చిచ్చాడు. "అక్కా, కొత్త బండ్లన్నిట్ల ఇదే పోస్తున్నరు. ఇంజన్ ఎన్నపూస లెక్క తిరుగుతది" అన్నాడు. ధర ఎక్కువ కాబట్టి మంచిదే అయి ఉంటుందని నేనూ నమ్మాను.

ఏడింటికి వైరాలో చాయ్ తాగాను. తల్లాడ దగ్గర ఎడమకు తిరిగి ఏన్కూరు దాటేవరకు ఏ ఇబ్బందీ లేదు. ఎనిమిదిన్నరకు జూలూరుపాడు సెంటర్లో మేకల మంద అడ్డం రావడంతో కారు ఆపి, ఇంజన్‌ను స్లోలో ఉంచాను. మీటరు కింద ఎర్రలైటు మినుకుమంది. యాక్సిలరేటర్ నొక్కితే ఆరింది, వదిలితే మళ్లీ వెలిగింది. అది ఆయిల్ ప్రెషర్ లైటు. అద్దంలో చూస్తే వెనక నీలం పొగ. వెంటనే ఇంజన్ ఆపేశాను. పొద్దున మా ఆయన అన్న మాటే చెవిలో తిరిగింది.

పక్కనే ఉన్న మెకానిక్ బానెట్ ఎత్తి నూనె కొలిచే గేజు బయటికి లాగాడు. గురువారం పై గీత దాకా ఉన్న నూనె కింది గీతకు దిగింది.

"ఓల్డ్ ఇంజన్ గద మేడం. లీటరు గేరాయిల్ కలుపుదాం. పొగ కట్టయితది, లైటు గూడ బందయితది" అన్నాడు.

"లైటు బందయితది, ఎనుకనే ఇంజన్ గూడ బందయితది. గేర్ల నూనె గేర్లకే" అని వెనక నుంచి ఎవరో అన్నారు.

కొత్తగూడెం బస్సు కోసం నిలబడ్డ పెద్దాయన. తెల్ల బనీను మీద తువ్వాలు, కళ్లకు అద్దాలు, చేతిలో సంచి. పేరు రాజమల్లు. బొగ్గుబావుల వర్క్‌షాపులో ముప్పై ఏళ్లు ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడట. గేజు చివరి నూనెను బొటనవేలితో, చూపుడువేలితో రాసి చూశాడు.

"గీత ఏడుందో నువ్వే చెప్పు బిడ్డా, నాకు మసక. ఇది ఏం నూనె?"

డబ్బా మీద ఉన్నది చెప్పాను, ఫైవ్ థర్టీ అని. కారు మా అబ్బాజాన్‌దని కూడా చెప్పాను.

"మీ నాయిన ఏది పోసేటోడు?"

"ట్వంటీ ఫార్టీ."

"గదీ సంగతి. ఎనక అంకె ఇంజన్ కాగినంక నూనె ఎంత చిక్కగుంటదో చెప్తది. ఈ నూనె చెడ్డది కాదు, నీ ఇంజన్‌ది కాదు. కొత్త ఇంజన్ల సందులు సన్నగుంటయ్, పల్చటిది ఆడ నిలుస్తది. నీ దాంట్ల అరిగి అరిగి సందులు పెద్దగైనయ్. పల్చటిది జారిపోతది, ప్రెషర్ రాదు. పిస్టన్ల పక్కపొంటి మీదికెక్కి కాలిపోతది. గందుకే నీలం పొగ."

"ఇప్పుడు వెనక్కి పోవాల్నా కాకా?"

"ఏడికి పోవాలె నువ్వు?"

చెప్పాను. కొట్టు సంగతీ, పిల్లల పరీక్షల సంగతీ కూడా. ఆయన పెట్టెల వైపు, నా వైపు చూశాడు. "ఎనక్కెందుకు? లారీలకు పోసే ఫిఫ్టీన్ ఫార్టీ ఈడ దొరుకుతది. అరలీటరు పొయ్యి. నలభై స్పీడ్ల పోనియ్, ఏడా స్లోల నిలబెట్టకు. కొత్తగూడెంల మొత్తం మారుద్దాం. నేనూ ఆడికే."

బస్సు వదులుకుని నా పక్కన కూర్చున్నాడు. దారి పొడవునా ఆయన కళ్లు మూసుకుని ఇంజన్ శబ్దమే విన్నాడు. నేను ఎర్రలైటు మీద నుంచి చూపు తిప్పలేదు. తొమ్మిదీ ముప్పావుకు కొత్తగూడెం చేరాం.

ఆయనకు తెలిసిన ఆయిల్ దుకాణంలో ముందు ట్వంటీ ఫార్టీ అడిగాను. "చలికాలమైతే అదే చాలు" అన్నాడు రాజమల్లు కాక. "ఇప్పుడు ఎండలు ముదిరినయ్. మీ నాయిన పోసేనాటికి ఇంజన్ ఇంత అరగలే. ట్వంటీ ఫిఫ్టీ తీస్కో." అయితే ఇంకా చిక్కటిదే పోద్దామా అని అడిగితే తల అడ్డంగా ఊపాడు. "మరీ చిక్కగుంటె పొద్దుగాల స్టార్ట్ చెయ్యంగనె మీదికెక్కది. ఎక్కేదాంక ఇంజన్ ఉత్తగ రాసుకుంటది." పొగ ఆపే మందంటూ దుకాణదారు ఇచ్చిన సీసా, లోపల కడిగేందుకు చూపించిన కిరోసిన్ రెండూ వద్దన్నాడు. ఇన్నేళ్ల మడ్డి ఒక్కసారిగా ఊడితే నూనె పీల్చే జాలీకి అడ్డం పడుతుందట. వేడి మీదే పాత నూనె దింపి, ఫిల్టర్ మార్చి, కొత్తది పోయాలి. అంతే.

నూనె దిగడానికి అరగంట పట్టింది. ఈలోగా ఆయన తన కళ్లద్దాలు తుడిచి నా చేతికిచ్చాడు. "నీ కొట్ల ఇంతకంటె బలమైనవి ఉంటె ఇయ్యరాదు?"

టార్చి వేసి చూశాను. రెండు కళ్లలోనూ బూడిదరంగు పొర, కుడి కంట్లో మరీ ముదిరింది.

"అమ్మమంటె అమ్ముత కాకా. గానీ కనపడది. ఆపరేషన్ కావాలె."

"మా కోడలు గూడ గిదే అంటది." తన అద్దాలు తిరిగి తీసుకుని పెట్టుకున్నాడు. "కంటికి కత్తి పెడ్తరంటె భయమైతది బిడ్డా. ముప్పయ్యేండ్లు బావుల మీద పనిచేసిన, గట్ల ఎన్నడు భయపడలే."

"రేపు పదింటికి నేను ఇదే దారిన వస్త. సంచి సర్దుకొని ఈ దుకాణం కాడుండు. రాత్రికి మా ఇంట్ల ఉందువు, సోమవారం పొద్దుగాల్నే దవాఖానాకు పోదాం."

ఆయన లేచి ఫిల్టర్ మార్పించి, కొత్త నూనె పోయించాడు. ఇంజన్ స్టార్ట్ చేయమన్నాడు. రెండు క్షణాల్లో లైటు ఆరింది. పావుగంట తిప్పి, బాగా వేడెక్కాక స్లోలో పెట్టించాడు. వెలగలేదు. "కాగినంక స్లోల చూడాలె. సల్లగున్నప్పుడు ఏ నూనెకైనా ప్రెషర్ ఉంటది. నూరు కిలోమీటర్లకొక్కసారి గేజు చూస్కో" అన్నాడు. కూలి ఇవ్వబోతే తీసుకోలేదు.

పదకొండున్నరకు బయల్దేరాను. పాల్వంచ పొగగొట్టాలు దాటి, సారపాక మీదుగా ఒంటిగంటకు గోదావరి వంతెన ఎక్కాను. భద్రాచలంలో ఇరవై రూపాయల భోజనం పది నిమిషాల్లో ముగించాను. అక్కడి నుంచి రోడ్డు గతుకులమయం. దుమ్ముగూడెం దాటాక ఇప్పచెట్ల మధ్య నుంచి బడి చేరేసరికి మూడున్నర.

పెట్టెలు దింపి, పేర్లు సరిచూసి, నాలుగుంబావుకు వరండాలో ఒక్కో పిల్లకు నాలుగు నిమిషాల చొప్పున పని మొదలుపెట్టాను. నాలుగున్నరకు కరెంటు పోయింది. ఆరున్నరకు చీకటి ముసురుకుంది, ఇంకా పన్నెండు మంది మిగిలారు. "లాంతరు తెప్పిస్త మేడం, రేపు పొద్దున గూడ టైం ఉండది" అంది వార్డెన్ దిగులుగా. లాంతరు వెలుగులో ఆ చిన్న స్క్రూలు కనపడవు. కారును వరండాకు ఎదురుగా తిప్పి హెడ్‌లైట్లు వేశాను. బ్యాటరీ పాతది, ఇంజన్ ఆపితే తెల్లారి స్టార్ట్ కాదు. పొద్దుటి నుంచి పరుగెత్తిన ఇంజన్ స్లోలో తిరుగుతూనే ఉంది. పొద్దున నన్ను ముంచబోయింది సరిగ్గా ఇదే. ప్రతి పిల్ల అయ్యాక లేచి వెళ్లి లోపల చూశాను. ఒక్కసారి కూడా లైటు వెలగలేదు.

చివర్లో దేవి అనే పిల్ల కూర్చుంది. కమ్ములు చెవుల వెనక సరిచేసి వదిలాను. హెడ్‌లైటు వైపు తిరిగి అలాగే ఉండిపోయింది.

"ఏంది, సరిగ లేవా?" అన్నాను.

"దీపం చుట్టూ ముళ్లు లేవు మేడం" అంది. ఇన్నాళ్లూ ఆ పిల్లకు ఏ దీపమైనా ముళ్లుముళ్లుగా చీలి కనపడేదన్నమాట. పక్కనున్న చిన్నపిల్లకు అదే మాట కోయలో చెప్పింది. ఆ పిల్ల అద్దాలు లాక్కుని పెట్టుకుని, దీపం చూసి, ఏం కనపడక మొహం చిట్లించింది. అందరూ నవ్వారు. ఏడున్నరకు నలభై ఆరూ అయిపోయాయి.

రాత్రి వార్డెన్ గదిలో పడుకున్నాను. పిల్లల బస్సు కదిలాక, ఆరింటికి గేజు చూశాను. నూనె పై గీతకు బియ్యపు గింజంత కిందికి దిగింది, అంతే. వేలితో కొలిచి నమ్మకం కుదిరాకే బయల్దేరాను.

పదింటికి కొత్తగూడెం దుకాణం దగ్గర రాజమల్లు కాక లేడు. అరగంట చూసి, దుకాణదారును అడిగి ఇంటికే వెళ్లాను. మంచం మీద కూర్చున్నాడు. సంచి సర్ది పక్కనే ఉంది.

"ఇయ్యాల ఆదివారం గద, దవాఖానా ఉండది" అన్నాడు.

"రేపుంటది" అని సంచి అందుకున్నాను. కోడలు గుమ్మంలో నిలబడి చీర కొంగుతో నోరు మూసుకుని నవ్వింది. ఆయన చెప్పులు వెతుక్కున్నాడు.

ఆ దారిన పాత కారులో పోదలచినవారికి నేను చెప్పేది ఇదే. వేసవిలో ఆ రోడ్డు ఇంజన్‌ను గట్టిగా పరీక్షిస్తుంది. మీ ఇంజన్‌కు అలవాటైన నూనె ఏదో తెలుసుకుని, దాని పక్క మెట్టు చిక్కదనం దాకానే పోండి. నేను సలీం మీద తప్పు పెట్టలేదు. అడగాల్సింది అడగకుండా డబ్బా విప్పించింది నేనే.

వైరా దగ్గర కాక కిటికీలోంచి వేలు చూపించాడు. "ఆ తెల్లగ కనపడేదేంది?"

"చెరువు, కాకా."

"నీళ్లా? రోడ్డనుకున్న." ఖమ్మం ఊళ్లోకి వస్తుండగా నెమ్మదిగా అడిగాడు. "ముందు ఏ కంటికి చేస్తరు?"

"డాక్టరు చెప్తడు. నువ్వు ఏదంటె అది అడుగుదాం."

"కుడిదే చెయ్యమను. ఎడమదాంతోని నువ్వన్న కనపడ్తున్నవ్" అన్నాడు.